ఐకిడో: పడటం నేర్పే యుద్ధవిద్య

ఐకిడో 20వ శతాబ్దపు తొలి అర్ధభాగంలో జపాన్‌లో రూపుదిద్దుకున్న యుద్ధవిద్య. దాడికి ఎదురు నిలిచి తిరిగి కొట్టడానికి బదులు, ఆ దాడి ఏ దిశలో వస్తున్నదో ఆ దిశలోనే దాన్ని సాగనిచ్చి, మలుపు తిప్పి, దాడి చేసినవాడికి కాలు నిలవకుండా చేసి, వీలైనంతవరకు గాయం కాకుండా అతణ్ణి నేలకు దింపడం ఈ విద్యలోని ప్రధాన పద్ధతి. దీన్ని శాంతియుతమైన యుద్ధకళ అనడం లోకమంతటా వాడుకలోకి వచ్చింది గాని, ఆ శాంతి దానిలో ఎక్కడ ఉన్నదన్న ప్రశ్నకు చాలామంది ఆధ్యాత్మిక ఉపదేశాన్నే జవాబుగా చూపుతారు. ఉపదేశాన్ని పక్కన పెట్టి చూసినా ఆ గుణానికి దేహవిజ్ఞానంలో గట్టి ఆధారాలు దొరుకుతాయి. శరీరపు బరువు ఎక్కడ నిలుస్తుంది, కీలు ఎంతవరకు తిరుగుతుంది, మనిషి నేలను ఎలా తాకుతాడు అన్న మూడు విషయాలు తెలిస్తే ఐకిడోలో సగానికి పైగా తెలిసినట్టే.

ఈ మూడింటి అవసరం మన నేల మీదా కనిపిస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లాలోని లింగాల మండలం నల్లమల అంచున ఉన్నది. ఈ మండలంలోని అప్పాపూర్ వంటి చెంచు పెంటలు అడవి లోపలే ఉన్నాయి. ఏటా చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు వచ్చే జనం లింగమయ్య దర్శనం కోసం బండరాళ్ళ మీదుగా, చెట్ల వేళ్ళ మీదుగా లోతైన లోయలోకి కాలినడకన దిగుతారు. ఇలాంటి నేల మీద తూలకుండా నిలవడం, కాలు జారినా పెద్ద దెబ్బ తగలకుండా పడటం రోజువారీ బతుకులో అక్కరకు వచ్చే నేర్పులు. ఐకిడోలో చేరిన విద్యార్థి ఎదుటివాణ్ణి పడవేయడం కన్నా ముందు తాను పడటం నేర్చుకుంటాడు కనుక, ఇక్కడి పాఠకుడు ఈ విద్యను ఆ వైపునుంచి పరిచయం చేసుకోవడమే మేలు.

ఒడుపుతో ఎదుటివాణ్ణి లొంగదీసే విద్య ఈ ప్రాంతానికి కొత్తది కాదు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 1126 నుంచి 1138 వరకు రాజ్యం చేశాడు. ఆయన పేరిట వెలసిన ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథంలో మల్లయుద్ధానికి ప్రత్యేకంగా ఒక ప్రకరణం ఉన్నది. అందులో మల్లులను వయసు, దేహపరిమాణం, బలం, నైపుణ్యం వంటి లక్షణాలను బట్టి వర్గాలు చేసి, వారి ఆహారాన్నీ వ్యాయామాన్నీ వివరించారు. ఆ చాళుక్యులకు సామంతులుగా ఇప్పటి నాగర్‌కర్నూల్ పరిసరాలను ఏలినవారు కందూరు చోడులు. ఆ తరవాతి కాలంలో కర్రసాము, తాలీంఖానాల్లోని కుస్తీ తెలుగునేల మీద సాగుతూనే వచ్చాయి. ఐకిడో జపాన్‌లో పురుడు పోసుకుంటున్న దశాబ్దాల్లోనే ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు, రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకుని, కదిలే కార్లను గొలుసులతో ఆపి, కలియుగ భీముడిగా పేరు పొందాడు. ఆయన చూపినది బరువుకు ఎదురు నిలిచే విద్య, ఐకిడో చూపేది బరువుకు దారి ఇచ్చే విద్య. రెండింటికీ ఊపిరి మీద అదుపే పునాది కావడం గమనించదగిన సంగతి.

ఐకిడో స్థాపకుడు మొరిహెయి ఉయెషిబా 1883 డిసెంబరు 14న జపాన్‌లోని తనబే పట్టణంలో పుట్టాడు. రష్యా–జపాన్ యుద్ధంలో సైనికుడిగా పనిచేసి, తరవాత ఉత్తరాన ఉన్న హొక్కయిదో దీవికి వలస వెళ్ళి, అక్కడ 1915లో సొకాకు తకెదా అనే గురువును కలిశాడు. తకెదా నేర్పినది దైతో-ర్యూ అనే పాత సమురాయ్ సంప్రదాయానికి చెందిన, కీళ్ళు విరిచే పట్లతో నిండిన కఠినమైన విద్య. ఆ విద్యను ఉయెషిబా, ఒమోతో అనే మతశాఖ నాయకుడు ఒనిసబురో దెగుచి వద్ద పొందిన ఆధ్యాత్మిక భావాలతో కలిపి, క్రమంగా తన సొంత మార్గంగా మలిచాడు. 1931లో టోక్యోలో కొబుకాన్ అనే దోజో, అంటే సాధనశాల, వెలసింది. 1942 నాటికి ఐకిడో అన్న పేరు స్థిరపడింది. ఆ పేరుకు శక్తితో సమన్వయపడే మార్గమని స్థూలంగా అర్థం చెబుతారు.

ఈ చరిత్రలో దాచకుండా చెప్పవలసిన విషయం ఒకటున్నది. 1930లలో ఉయెషిబా సైనిక, నౌకా శిక్షణ సంస్థల్లో కూడా బోధించాడు. నేడు మనం వినే శాంతి సందేశం ప్రపంచానికి చేరినది మాత్రం రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరవాతనే. ఓడిన జపాన్‌లో ఆక్రమణ సేనలు యుద్ధవిద్యల మీద ఆంక్షలు పెట్టిన కాలంలో ఉయెషిబా ఇవామా అనే పల్లెలో వ్యవసాయం చేస్తూ సాధన కొనసాగించగా, 1948లో ఐకికాయ్ అనే సంస్థకు ప్రభుత్వ గుర్తింపు లభించింది. ఆయన 1969 ఏప్రిల్ 26న మరణించేనాటికి ఈ విద్య అమెరికా, ఐరోపా ఖండాలకు వ్యాపించింది. ఒక సైనిక సమాజంలో పుట్టిన విద్యకు ఆ సమాజం కూలిన తరవాత శాంతి ముఖ్యలక్ష్యం కావడం దాని గౌరవాన్ని తగ్గించదు; యుద్ధాన్ని దగ్గరగా చూసినవారు ఎంచుకున్న దారి గనుక దానికి మరింత విలువ ఉన్నది.

ఇక దేహవిజ్ఞానానికి వస్తే, మొదట తెలుసుకోవలసినది గరిమనాభి. శరీరపు బరువంతా ఒకేచోట కేంద్రీకృతమైనట్టు లెక్కించదగిన బిందువే గరిమనాభి; నిలబడిన మనిషిలో అది నేలనుంచి ఎత్తులో సుమారు 55 శాతం దగ్గర, బొడ్డుకు కొంచెం దిగువన, కటిభాగం లోపల ఉంటుంది. ఈ బిందువునుంచి కిందికి గీసిన నిలువు గీత రెండు పాదాల మధ్య ఆవరించిన స్థలంలో పడినంతసేపు మనిషి నిలుస్తాడు, ఆ స్థలం దాటితే అడుగు వేయాలి లేదా పడాలి. నాలుగు కాళ్ళ జంతువుతో పోలిస్తే మనిషికి ఆధారం చాలా చిన్నది, బరువు చాలా ఎత్తున ఉన్నది. కదలక నిలబడ్డామనుకున్నప్పుడు కూడా శరీరం కొద్దికొద్దిగా ఊగుతూ, చీలమండల వద్ద కండరాలు ఎప్పటికప్పుడు సర్దుకుంటూ ఉంటాయి.

ఈ నిర్మాణంలోనే ఒక సహజమైన బలహీనత ఉన్నది. రెండు పాదాలను కలుపుతూ ఒక గీత గీస్తే, ఆ గీత వెంబడి మనిషిని తోయడం కష్టం, ఎందుకంటే అటువైపు ఒక కాలు ఊతగా ఉంటుంది. ఆ గీతకు అడ్డంగా, లంబదిశలో లాగినప్పుడు మాత్రం ఆపడానికి మూడో కాలు లేదు గనుక కొద్దిపాటి బలమే చాలుతుంది. ఎదుటివాడి నిలకడను ఇలా చెదరగొట్టడాన్ని జపనీయ పరిభాషలో కుజుషి అంటారు. బలహీనుడు బలవంతుణ్ణి పడవేశాడని చెప్పే ప్రతి సందర్భంలోనూ జరిగినది ఇదే, ఇందులో మర్మమేమీ లేదు. కుస్తీ నేర్పే ఉస్తాదులకు ఈ సంగతి అనుభవంతో తెలిసినదే. ఐకిడో ప్రత్యేకత దీన్ని ప్రధానంగా నడకతోనూ మలుపుతోనూ సాధించడంలో ఉన్నది.

రెండవ విషయం దూరం. కంటికి కనిపించిన కదలికకు కండరం స్పందించడానికి సాధారణంగా సెకనులో ఐదో వంతు పడుతుంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో వచ్చే పిడికిలి ఆ వ్యవధిలో ఒక మీటరు దూరం దాటుతుంది. దగ్గరగా నిలిచినవాడు ఎంత చురుకైనవాడైనా దెబ్బను చూసి తప్పించుకోలేడన్నమాట. అందుకే ఐకిడోలో మా-ఐ అనే భావనకు పెద్దపీట వేస్తారు. ఎదుటివాడు ఒక అడుగు ముందుకు వేస్తే తప్ప తాకలేనంత దూరాన్ని కాపాడుకోవడమే మా-ఐ. ఆ ఒక్క అడుగు రక్షణ పొందే వ్యక్తికి కావలసిన వ్యవధిని ఇస్తుంది, పైగా అడుగు వేస్తున్న క్షణంలో దాడిచేసేవాడి బరువు ఒక్క కాలి మీదనే ఉంటుంది. ఆ దూరాన్ని ఇంకా పెంచుకుని వెళ్ళిపోవడానికి వీలున్నప్పుడు వెళ్ళిపోవడమే ఈ విద్య ప్రకారం కూడా ఉత్తమమైన రక్షణ.

దాడి వచ్చినప్పుడు చేసే ప్రాథమిక కదలికలు రెండు. దాడి గీతనుంచి కాస్త పక్కకు తప్పుకుంటూ ముందుకే చొరబడటం ఇరిమి, ఆ తరవాత ఒక కాలి మీద ఇరుసు పెట్టి వెనకకు తిరగడం టెన్కాన్. దాడిచేసేవాడు తన ఎడమ చేత్తో ఎదుటి వ్యక్తి కుడి మణికట్టును గట్టిగా పట్టుకున్నాడనుకుందాం. శిక్షణ లేని వ్యక్తి చేతిని తనవైపు లాక్కుంటాడు. లాగిన వెంటనే పట్టుకున్నవాడి కండరాల్లోని సాగుదలను గుర్తించే నాడీగ్రాహకాలు వెన్నుపాముకు సంకేతం పంపి, మెదడు ఆలోచించేలోపే, సెకనులో పదో వంతు కూడా గడవకముందే, ఆ కండరాలను బిగిస్తాయి. లాగినకొద్దీ పట్టు బిగియడానికి కారణం ఈ ప్రతిచర్యే. ఐకిడో విద్యార్థి ఆ చేతిని ఉన్నచోటనే ఉంచి, మోచేతిని కిందికి వదిలి, తానే ఒక అడుగు ఎదుటివాడి పక్కకు వేసి, కుడికాలి మీద సగం చుట్టు తిరుగుతాడు. ఇప్పుడు ఇద్దరూ ఒకే వైపు చూస్తూ పక్కపక్కన నిలిచి ఉంటారు. పట్టుబడిన చేయి విద్యార్థి పొట్ట ముందు, తన గరిమనాభికి దగ్గరగా ఉంటుంది, పట్టుకున్నవాడి చేయి మాత్రం చాచుకుని తన శరీరానికి దూరంగా సాగి ఉంటుంది.

ఇక్కడినుంచి జరిగేది తిరగలిలో జరిగేదే. తిరగలి పైరాయి తిరిగినప్పుడు నడిమి మేకు చెంత రాయి పెద్దగా కదిలినట్టే ఉండదు, అంచు మాత్రం అదే వ్యవధిలో పెద్ద చుట్టు చుట్టాలి. మేకు స్థానంలో ఉన్న విద్యార్థి నెమ్మదిగా మళ్ళితే చాలు, అంచున వేలాడుతున్న దాడిదారు పరుగెత్తవలసి వస్తుంది, పరుగు అందుకోలేకపోతే తూలుతాడు. ఎక్కడా లాగడం లేదు గనుక ముందు చెప్పిన సాగుదల ప్రతిచర్యకు అవకాశం తగ్గుతుంది. తన పట్టే తనను కదిలిస్తున్నదని గ్రహించేసరికి అతని నిలువు గీత పాదాల మధ్యనుంచి తప్పుకుని ఉంటుంది. ప్రతిఘటించకుండా గెలవడమని గ్రంథాలు వర్ణించే సంగతికి శరీరంలో జరిగే అసలు కథ ఇది.

తూలినవాణ్ణి నేలకు దింపడానికి వాడే పట్లలో కొతెగయెషి ప్రసిద్ధమైనది. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. అరచేతిని పైకి, కిందికి తిప్పినప్పుడు బొటనవేలి వైపు ఎముక రెండవదాని చుట్టూ తిరుగుతుంది, ఆ తిరుగుడుకు ఒక్కో వైపు సుమారు 80 నుంచి 90 డిగ్రీల హద్దు ఉన్నది. మణికట్టును వంచి, ఆ హద్దువరకు బయటివైపు తిప్పితే, ఇంకా తిరగడానికి ముంజేతిలో చోటు మిగలదు గనుక పై చేయి తిరుగుతుంది, అదీ చాలకపోతే భుజం వాలుతుంది, దానితో మొండెం ఒరుగుతుంది. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలను కలిపి ఉంచే స్నాయువుల్లో నొప్పిని తెలిపే నాడీ అంచులు ఉండటం వల్ల, అవి సాగడం మొదలవగానే శరీరం ఆ సాగుదల తగ్గే దిశకు, అంటే నేలవైపుకు, తనంత తానే కదులుతుంది. పట్టు వేసినవాడు అక్కడ ఆగితే గాయం లేదు, ఆగకుండా కుదిపితే స్నాయువు తెగుతుంది. ఐకిడో శాంతియుతమా కాదా అన్నది ఈ రెండింటి మధ్య ఉన్న కొన్ని డిగ్రీల్లో తేలుతుంది, అందుకే నొప్పి తెలియగానే నేలమీదో ఒంటిమీదో చేత్తో తట్టడం, తట్టిన మరుక్షణం ఎదుటివారు వదలడం దోజోలో తప్పనిసరి నియమం.

ఈ విద్యలో తరచూ వినిపించే కి అనే మాటను కొందరు అదృశ్యశక్తిగా ప్రచారం చేస్తారు. అలాంటి శక్తిని భౌతికశాస్త్రం ఏ పరికరంతోనూ కొలిచి చూపలేదు, కొలవవలసిన అవసరం కూడా కనిపించదు. వంచలేని చేయి అన్న ప్రదర్శనలో, చేయి చాచి వదులుగా నిలబడినవాడి మోచేతిని మరొకరు ఎంత ప్రయత్నించినా వంచలేకపోతారు; బిగించి నిలబడితే మాత్రం సులువుగా వంగిపోతుంది. బిగించినప్పుడు చేతిని చాచే కండరంతోపాటు వంచే కండరం కూడా బిగిసి, తెలియకుండానే ప్రత్యర్థికి సాయపడుతుంది. వదులుగా దూరానికి చేయి చాస్తున్నట్టు భావించినప్పుడు చాచే కండరమే పనిచేస్తుంది. కి అన్న ఊహ విద్యార్థికి సరైన కండరాన్ని మాత్రమే వాడటం నేర్పే సాధనంగా పనికివస్తుందని చెప్పడమే న్యాయం.

అన్నిటికన్నా విలువైన భాగం ఉకెమి, అంటే పడే విద్య. దోజోలో జతగా సాధన చేసేవారిలో దాడిచేసి పడే వ్యక్తిని ఉకే అనీ, పడవేసే వ్యక్తిని నగే అనీ పిలుస్తారు. కొన్ని మార్లు చేశాక పాత్రలు మారతాయి. 60 కిలోల మనిషి గరిమనాభి 80 సెంటీమీటర్లు కిందికి జారితే నేలను తాకేటప్పటికి వేగం సెకనుకు దాదాపు 4 మీటర్లు ఉంటుంది. ఆ వేగాన్ని సెకనులో 50వ వంతులో ఆపితే శరీరం మీద పడే సగటు తాకిడి తన బరువుకు సుమారు 20 రెట్లు, సెకనులో ఐదో వంతు వ్యవధిలో ఆపితే అందులో పదో వంతే. సాధారణంగా మనిషి ముందుకు తూలినప్పుడు అరచేయి చాచి నేలకు ఆనిస్తాడు. ఆ తాకిడంతా ఒక్క మణికట్టు మీద పడి ముంజేతి ఎముక చివర విరగడం ఎముకల వైద్యులు నిత్యం చూసే గాయం.

ముందుకు దొర్లే ఉకెమిలో చేయి వంపుతిరిగి ఉంటుంది. మొదట చిటికెనవేలి వైపు అంచు, తరవాత ముంజేయి వెలుపలి భాగం, భుజం వెనక, అక్కడినుంచి వీపు మీదుగా ఐమూలగా ఎదుటి తుంటి వరకు శరీరం వరసగా నేలను తాకుతూ పోతుంది, తల మాత్రం ఎక్కడా తాకదు. కిందికి వచ్చిన వేగం చక్రగమనంగా మారి, చివరికి మనిషి మళ్ళీ లేచి నిలబడతాడు. ఇది పిల్లలు వేసే పిల్లిమొగ్గ లాంటిదే అనిపించినా, పిల్లిమొగ్గలో బరువు మెడ మీదుగా, వెన్నుపూసల మీదుగా తిన్నగా పోతుంది, ఉకెమిలో కండ ఎక్కువగా ఉన్న ఐమూల దారి పడుతుంది. వెనక్కి పడేటప్పుడు గడ్డాన్ని రొమ్ముకు ఆనించి చూపును నడుముపట్టీ మీద నిలపాలని గురువులు పదేపదే చెప్పడానికి బలమైన కారణం ఉన్నది. తల వెనకభాగం విసురుగా నేలను కొడితే మెదడు మీదుగా పోయే సన్నని సిరలు తెగి పుర్రె లోపల రక్తం గడ్డకట్టవచ్చు. షిహోనగే అనే విసురును కొత్తవారి మీద బలంగా ప్రయోగించకూడదన్న నియమం ఇందువల్లనే వచ్చింది. మలుపులూ దొర్లుడూ సాధన చేసేకొద్దీ చెవి లోపలి అర్ధవృత్తాకార నాళాలు పంపే సంకేతాలకు మెదడు అలవాటుపడి కళ్ళు తిరగడం తగ్గుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం లోకంలో ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల మరణిస్తున్నారు. ప్రమాదవశాత్తు సంభవించే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తరవాతి స్థానం దీనిదే. దాడుల భయంతో ఆత్మరక్షణ నేర్పే సమాజం పడటం నేర్పకపోవడం పెద్ద లోటు. ఉకెమికి కూడా హద్దులున్నాయి. నిలుచున్న ఎత్తునుంచి జారిపడినప్పుడు పనికివచ్చే ఈ నేర్పు తాటిచెట్టు మీదినుంచి పడినవాణ్ణి కాపాడలేదు. గీత కార్మికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరిట అందించడం మొదలుపెట్టిన తాళ్ళు, పట్టీల వంటి పరికరాలే అక్కడ రక్ష.

ఐకిడో పరిమితుల గురించి కూడా నిర్మొహమాటంగా చెప్పవలసి ఉన్నది. సాధనలో ఉకే ముందే తెలిసిన దాడిని, సహకరించే మనసుతో చేస్తాడు. వీధిలో దాడిచేసేవాడు అలా చేయడు. మత్తులో ఉన్నవాడికి మణికట్టు నొప్పి సరిగా తెలియకపోవచ్చు. ఈ లోటును గుర్తించిన కెంజి తొమికి అనే గురువు, జూడో స్థాపకుడు జిగొరో కానో శిష్యుడు కూడా కావడం వల్ల, వాసెదా విశ్వవిద్యాలయంలో ఎదురు ప్రతిఘటనతో కూడిన పోటీ పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఐకికాయ్ సంప్రదాయం మాత్రం గెలుపోటములు వస్తే జతలోని నమ్మకం చెడుతుందని పోటీలను దూరం పెట్టింది. రెండు వాదనల్లోనూ సత్యమున్నా, పిల్లలకు నేర్పేటప్పుడు రెండవదే మెరుగు. కొన్ని నెలల ఐకిడోతో ఎవరినైనా ఎదుర్కోవచ్చని చెప్పేవారిని నమ్మకపోవడం మంచిది. నల్లపట్టీ స్థాయికి చేరడానికే సాధారణంగా ఏళ్ళ తరబడి సాధన కావాలి.

సమగ్ర శిక్షా పథకం కింద ప్రభుత్వ పాఠశాలల్లో 6 నుంచి 12వ తరగతి వరకు బాలికలకు రాణీ లక్ష్మీబాయి పేరిట మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉన్నది. మూడు నెలల్లో ఏ యుద్ధవిద్యా పూర్తిగా రాదు, పడటం మాత్రం వస్తుంది. దూరం కాపాడుకోవడం, పట్టుకున్న చేతిని విడిపించుకుని పరుగు అందుకోవడం కూడా వస్తాయి. ఇందుకు జపాన్ నుంచి తతమి చాపలు తెప్పించవలసిన పనిలేదు, కుస్తీ గోదాలో చేసినట్టు రాళ్ళు ఏరి, మెత్తగా తవ్వి, చదును చేసిన మట్టి సరిపోతుంది. మెడనొప్పి, మూర్ఛ, ఎముకల జబ్బు ఉన్న పిల్లలను మాత్రం వైద్యుడి సలహా లేకుండా దించకూడదు. లింగాల వంటి మండలాల్లోని వ్యాయామ ఉపాధ్యాయులు ఆ మూడు నెలల్లో మొదటి నెలను, పిడిగుద్దులు నేర్పడానికి ముందుగా, మోకాళ్ళ మీద కూర్చున్న స్థితినుంచి మొదలుపెట్టి దొర్లడం నేర్పడానికి కేటాయించాలి. అబ్బాయిలను కూడా ఆ మట్టిలోకి దింపాలి.